పాత ఓపెనింగ్‌ను ఎప్పుడు దాటాలి?

ఫిడే రేటింగ్ 1400 దాటి 2000 వైపు పాకుతున్న చెస్ ఆటగాడికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: ఇన్నాళ్లూ ఆడుతూ వచ్చిన ఓపెనింగ్‌లకే ఇంకా పదును పెట్టుకోవాలా, లేక కొత్తవి పట్టుకోవాలా? దీని మీద చెస్ లోకం రెండు పక్షాలుగా చీలి ఉంది. ఒకటి పట్టుకుంటే దాని అంతు చూడాలి, ఊరికే ఓపెనింగ్‌లు మార్చేవాడు దేనిలోనూ నిలదొక్కుకోలేడు అంటుంది మొదటి పక్షం. ఒకే ఓపెనింగ్‌కు అతుక్కుపోతే ఆట ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది, రకరకాల పొజిషన్లు ఆడితేనే బుర్ర ఎదుగుతుంది అంటుంది రెండోది. ఇద్దరూ తమ వాదనకు పెద్దపెద్ద ఆటగాళ్ల పేర్లు చెబుతారు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. చిక్కల్లా ఆ ఆధారాలు ఒకే ప్రశ్నకు జవాబులు కాకపోవడమే. రేపటి గేమ్ గెలవడానికి ఏది మంచిది అన్నది ఒక ప్రశ్న. మూడేళ్ల తర్వాత ఇప్పటికంటే బలంగా ఆడాలంటే ఏది మంచిది అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు పాత ఓపెనింగే. రెండోదానికి జవాబు కొత్త ఓపెనింగే, కాకపోతే రెండు షరతుల మీద: ఉన్నదానిలో గట్టి పునాది పడి ఉండాలి, కొత్తదాన్ని పేరు చూసి కాక అది తెచ్చే బంట్ల అమరికను చూసి ఎంచుకోవాలి. ఈ మాటను నిలబెట్టే సాక్ష్యాలేమిటో, దీనికి ఎదురు చెప్పేవారి వాదనలో ఎంత పస ఉందో వరుసగా చూద్దాం.

పాత ఓపెనింగ్ పక్షానికున్న అతి బలమైన సాక్ష్యం 2009లో వచ్చింది. మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లియోడ్, ఫెర్నాండ్ గోబే అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బలమైన ఆటగాళ్లను రెండు జట్లుగా తీసుకున్నారు. నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడేవాళ్లు ఒక జట్టు, సిసిలియన్‌లో నైడోర్ఫ్ ఆడేవాళ్లు రెండో జట్టు. మొత్తమ్మీద ఆట బలంలో ఇరు జట్లూ సమఉజ్జీలే. రెండు ఓపెనింగ్‌ల నుంచీ పుట్టిన పొజిషన్లు చూపించి, వాటిని గుర్తుపెట్టుకుని మళ్లీ పేర్చమన్నారు, కొన్నింటిలో సరైన ఎత్తు కనిపెట్టమన్నారు. ఎవరి ఓపెనింగ్ పొజిషన్లలో వాళ్లు తమకంటే ఒక మెట్టు పైనున్న ఆటగాళ్లలా రాణించారు. ఆ మెట్టు గణాంక భాషలో ఒక స్టాండర్డ్ డీవియేషన్, అంటే రేటింగ్‌లో సుమారు 200 పాయింట్లు. అదేమంత చిన్న తేడా కాదు. రేటింగ్ లెక్క ప్రకారం 200 పాయింట్లు పైనున్న ఆటగాడు కిందివాడితో నాలుగు గేమ్‌లాడితే మూడు పాయింట్లు తెచ్చుకోవాలి. ఇలా ఎందుకు జరుగుతుందో 1973లోనే విలియం చేస్, హెర్బర్ట్ సైమన్ చేసిన ప్రయోగం చెప్పింది. నిజమైన గేమ్‌లోని పొజిషన్‌ను మాస్టర్ ఒక్క చూపులో పట్టేస్తాడు. అవే పావులను చిందరవందరగా పేరిస్తే కొత్తవాడికీ అతనికీ పెద్ద తేడా ఉండదు. మాస్టర్ బుర్రలో ఉన్నది మామూలు జ్ఞాపకశక్తికి మించినదేమీ కాదు, ఏళ్ల తరబడి చూసి పోగుచేసుకున్న గుంపులు, నమూనాలు. ఒకే ఓపెనింగ్ ఆడేవాడి దగ్గర ఆ నమూనాలు ఆ ఒక్కచోటే దట్టంగా పేరుకుంటాయి.

అయితే ఈ అధ్యయనం చెప్పేదేమిటో ఎంత ముఖ్యమో, చెప్పనిదేమిటో కూడా అంతే ముఖ్యం. అది ఆటగాళ్లను ఒక్క సమయంలో కొలిచింది. వాళ్లు మొదటి నుంచీ రెండు మూడు ఓపెనింగ్‌లు ఆడి ఉంటే ఏ స్థాయిలో ఉండేవారో దానికి తెలియదు. పైగా ఆ 200 పాయింట్ల లాభం దక్కే గేమ్‌లు ఎన్ని? ఫ్రెంచ్ ఆటగాడికి గేమ్‌లలో సగం తెల్లపావులతో వస్తాయి, అక్కడ ఫ్రెంచ్ పనికిరాదు. మిగిలిన సగంలో ప్రత్యర్థి 1.ఇ4 ఆడినప్పుడే అతని ఓపెనింగ్ బోర్డు మీదికి వస్తుంది. డి4, సి4, నైట్ ఎఫ్3 ఆడితే రాదు. వచ్చినప్పుడు కూడా అది ఏ రూపంలో వస్తుందో నిర్ణయించేది ప్రత్యర్థే. అంటే ఇంటి బలం దక్కేది మొత్తం గేమ్‌లలో పావు వంతుకో అంతకు కాస్త ఎక్కువకో. మిగతా గేమ్‌లలో అతను బయటివాడే. అదే అధ్యయనంలో ఇంకో గమనిక ఉంది, దాన్ని చాలామంది దాటిపోతారు. సొంత ఓపెనింగ్ పొజిషన్లలో ఆటగాళ్లు తక్కువ ఎత్తులను తీసుకుని లోతుగా లెక్కపెట్టారు. తెలియని పొజిషన్లలో ఎక్కువ ఎత్తులను పైపైన పరిశీలించారు. తెలియని చోట చేతకానితనం బయటపడింది అని దీన్ని చదవవచ్చు. కానీ బోర్డంతా వెతికే పని అక్కడే జరిగింది అని కూడా చదవవచ్చు. ఎదుగుతున్న ఆటగాడికి లోతుతో పాటు ఆ వెతికే అలవాటూ కావాలి. సొంత ఓపెనింగ్‌లోనే ఉండిపోతే ఆ పనికి అవసరమే రాదు.

ఈ రెండో చదువుకు బలమిచ్చే ప్రయోగాన్ని కూడా ఆ ముగ్గురే అంతకు ముందు ఏడాది, 2008లో, ప్రచురించారు. బలమైన ఆటగాళ్ల ముందు ఒక పొజిషన్ పెట్టారు. అందులో క్వీన్‌ను బలిచ్చి నైట్‌తో రాజును ఊపిరాడకుండా కట్టేసే పేరున్న మేట్ ఒకటి ఉంది, అయిదు ఎత్తుల్లో. మూడే ఎత్తుల్లో అయ్యే మేట్ కూడా ఉంది, కానీ అది అంత పరిచితమైనది కాదు. ఆటగాళ్లు మొదటిది చటుక్కున పట్టేశారు. ఇంతకంటే చిన్న దారి ఉందేమో చూడమంటే చూశామన్నారు, లేదన్నారు. కంటి కదలికలను నమోదు చేసే పరికరం వేరే సంగతి చెప్పింది. కొత్త దారి వెతుకుతున్నామని వాళ్లు నిజాయితీగా అనుకుంటున్నప్పుడు కూడా చూపు పాత మేట్‌కు సంబంధించిన గడుల చుట్టూనే తిరిగింది. పరిచితమైన మేట్‌కు వీల్లేకుండా పొజిషన్‌ను కొద్దిగా మార్చి ఇస్తే అదే స్థాయి ఆటగాళ్లు మూడెత్తుల దారిని పట్టుకోగలిగారు. తెలిసిన పరిష్కారం కళ్లకు గంతలు కట్టడం వల్ల వాళ్ల పనితనం మూడు స్టాండర్డ్ డీవియేషన్లు కిందనున్న ఆటగాళ్ల స్థాయికి దిగజారిందని లెక్క తేలింది. ఇక్కడే ఒక మినహాయింపు కూడా చెప్పాలి: ఆటగాడు ఎంత బలవంతుడైతే ఈ గంతల ప్రభావం అంత తగ్గింది, గ్రాండ్‌మాస్టర్లు దాదాపుగా దీని బారిన పడలేదు. ఆ మినహాయింపు మన ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. 1700 రేటింగ్ దగ్గరున్నవాడికి గ్రాండ్‌మాస్టర్‌కున్న ఆ రక్షణ లేదు. ఒకే పద్ధతి అలవాటైతే దెబ్బ ఎక్కువగా తగిలేది అతనికే.

ప్రయోగశాల వదిలి చరిత్రలోకి వెళితే, ఓపెనింగ్ మార్చి గెలిచినవాళ్ల కథలు ఘనంగా వినిపిస్తాయి. జీవితమంతా దాదాపుగా 1.ఇ4 మీదే నిలబడిన బాబీ ఫిషర్ 1972లో రేక్యావిక్‌లో స్పాస్కీతో ప్రపంచ టైటిల్ పోరులో ఆరో గేమ్‌ను సి4తో మొదలుపెట్టి, క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్‌లోకి మళ్లించి, గెలిచాడు. ఓడిన స్పాస్కీ కూడా ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టాడు. 2008లో బాన్‌లో క్రామ్నిక్ మీద టైటిల్ నిలబెట్టుకున్న విశ్వనాథన్ ఆనంద్ తెల్లపావులతో తన పాత ఇ4ను పక్కనపెట్టి డి4 ఆడాడు. నల్లపావులతో పదునైన మెరాన్ వేరియేషన్‌లో దిగి మూడో గేమ్, అయిదో గేమ్ గెలిచాడు. చివరికి 6.5–4.5తో మ్యాచ్ గెలిచాడు. 2018లో లండన్‌లో కరువానాతో మ్యాచ్‌కు కార్ల్‌సన్ సిసిలియన్‌లో స్వేష్నికోవ్ వేరియేషన్‌ను తెచ్చాడు. పన్నెండు క్లాసికల్ గేమ్‌లూ డ్రా అయినా ఆ ఓపెనింగ్‌ను అతను వదల్లేదు. తర్వాతి ఏడాదంతా దాన్ని ఆయుధంగా వాడాడు. 2019లో క్లాసికల్ గేమ్ ఒక్కటీ ఓడలేదు. ఈ జాబితాకు ఎదురుగా నిలబడే పేర్లూ తక్కువవేమీ కావు. తూర్పు జర్మనీ గ్రాండ్‌మాస్టర్ వోల్ఫ్‌గాంగ్ ఉల్మన్ ఇ4కు జీవితాంతం ఫ్రెంచ్ తోనే జవాబిచ్చాడు. ఎవ్‌గెనీ స్వేష్నికోవ్ తన పేరున్న వేరియేషన్‌నూ, తెల్లపావులతో సిసిలియన్‌పై 2.సి3నూ దశాబ్దాల పాటు ఆడుతూ, ఓపెనింగ్ విషయంలో నిలకడే బలమని వాదించాడు.

మన తెలుగువాళ్లలోనే రెండు దారులూ కనిపిస్తాయి. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిన కోనేరు హంపి తెల్లపావులతో ప్రధానంగా డి4 క్రీడాకారిణి. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగైసి ఇవాళ ఇ4 ఆడితే రేపు డి4, ఎల్లుండి సి4 ఆడే రకం. ఏం ఆడతాడో ప్రత్యర్థి ఊహించలేడన్న పేరు సంపాదించి 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801కి చేరాడు. ఇలా రెండు వైపులా ఉదాహరణలు దొరికినప్పుడు, వాటిని లెక్కపెట్టి ఒక వైపు తీర్పు చెప్పడం కుదరదు. శిఖరం మీదికి చేరినవాళ్లే మనకు కనిపిస్తారు. అవే దారుల్లో వెళ్లి మధ్యలో ఆగిపోయినవాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. దానికి తోడు పైస్థాయి ఆటగాళ్లు ఓపెనింగ్ మార్చే ముఖ్య కారణం ప్రత్యర్థి ఇంటి దగ్గర చేసుకొచ్చిన తయారీ నుంచి తప్పించుకోవడం. క్రామ్నిక్ బృందం నెలల తరబడి ఆనంద్ ఇ4 మీద పనిచేసి ఉంటుంది. ఆదివారం టోర్నమెంట్‌లో మూడో రౌండ్‌లో ఎదురయ్యే 1650 రేటింగ్ ఆటగాడు మీ పాత గేమ్‌లు తిరగేసి రాడు, వచ్చినా పది నిమిషాలు. కాబట్టి ఫిషర్ చేశాడు కనుక నేనూ చేస్తాననడం తప్పు తర్కం. క్లబ్ స్థాయి ఆటగాడికి కొత్త ఓపెనింగ్ కావాల్సిన కారణం వేరు. అది ప్రత్యర్థికి సంబంధించినది కాదు, తన సొంత చదువుకు సంబంధించినది.

ఆ చదువు ఏమిటో ఒక బంట్ల అమరికను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్‌లో 1.డి4 డి5, 2.సి4 ఇ6, 3.నైట్ సి3 నైట్ ఎఫ్6 తర్వాత తెలుపు సి బంటుతో డి5ను కొడుతుంది, నలుపు ఇ బంటుతో తిరిగి కొడుతుంది. మరో నాలుగైదు ఎత్తులకు తెలుపు బంటు ఇ3కీ నలుపు బంటు సి6కీ చేరి, కార్ల్స్‌బాద్ అమరిక అని పిలిచే రూపం ఏర్పడుతుంది. క్వీన్ వైపు తెలుపుకు ఎ, బి ఫైళ్లలో రెండే బంట్లు, నలుపుకు మూడు. అయినా దాడి చేసేది ఆ రెండు బంట్ల పక్షమే. బి బంటును బి4కు, అక్కడి నుంచి బి5కు నెట్టి, సి6 దగ్గర బంట్లు మార్చుకుంటే నలుపుకు సి6లో వెనకబడిన బంటు మిగులుతుంది. తర్వాతి ముప్పై ఎత్తులూ తెలుపు రూక్‌లు దాని మీదే కూర్చుంటాయి. నలుపుకూ జవాబులున్నాయి: సగం తెరుచుకున్న ఇ ఫైలు మీదికి రూక్, ఇ4 గడికి నైట్, రాజు వైపు దాడి. ఇప్పుడు కారో-కాన్ ఎక్స్ఛేంజ్ చూడండి: 1.ఇ4 సి6, 2.డి4 డి5, 3.ఇ బంటు డి5ను కొట్టడం, నలుపు సి బంటుతో తిరిగి కొట్టడం, 4.బిషప్ డి3. తెలుపు సి3 ఆడగానే అదే అమరిక తలకిందులుగా వచ్చేసింది. ఇక్కడ రెండు బంట్ల పక్షం నలుపు. బి5, బి4 నెట్టే వంతు దానిదే. నైట్‌ను ఇ5లో నాటి రాజు మీదికి వెళ్లే వంతు తెలుపుది. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ యూనియన్‌కూ ప్రపంచ జట్టుకూ జరిగిన పోటీలో ఫిషర్ తెల్లపావులతో పెట్రోసియన్ మీద గెలిచిన గేమ్ ఈ అమరికలోనిదే.

తెల్లపావులతో క్వీన్స్ గ్యాంబిట్ ఎక్స్ఛేంజ్ ఆడేవాడు నల్లపావులతో కారో-కాన్ పట్టుకుంటే అతనికి దక్కేదేమిటో ఆలోచించండి. బి బంటు ఎప్పుడు కదలాలో అతనికి ముందే తెలుసు. ఆ జ్ఞానం ఓపెనింగ్ పేరు మారినా చెల్లుతుంది. ప్రత్యర్థి మూడో ఎత్తులో కొట్టకుండా ఇ5కు నెట్టాడా, అప్పుడు అతనికి కొత్త పాఠం మొదలవుతుంది: ఎదురెదురుగా బిగుసుకున్న బంట్ల గొలుసు, దాని మొదలు మీద సి5తో దెబ్బ, బిషప్‌ను గొలుసు బయటికి ముందే తెచ్చుకోవడం. సగం తెలిసింది, సగం తెలియంది. కొత్త ఓపెనింగ్ ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కొలత లేదు. డి4లో ఒంటరి బంటు ఉండే అమరికకూ ఇదే వర్తిస్తుంది. అది క్వీన్స్ గ్యాంబిట్ యాక్సెప్టెడ్ నుంచి వస్తుంది, కారో-కాన్‌లో పనోవ్ దాడి నుంచి వస్తుంది, సిసిలియన్‌లో 2.సి3 నుంచి వస్తుంది, నింజో-ఇండియన్ నుంచీ వస్తుంది. టారష్ డిఫెన్స్‌లో అదే బంటు డి5లో నలుపుకు మిగులుతుంది. అయిదు పేర్లు, పాఠం ఒకటే. మరోవైపు ఒకే పేరు కింద నాలుగు పాఠాలు ఉండవచ్చు. ఫ్రెంచ్ డిఫెన్స్‌లోనే ఎక్స్ఛేంజ్ వేరియేషన్ బోర్డును అద్దంలో చూపినట్టు సమానం చేస్తుంది, అడ్వాన్స్ బంట్ల గొలుసు ఇస్తుంది, వినావర్ తెలుపుకు జంట బంట్లు మిగులుస్తుంది, 3.నైట్ డి2కు నలుపు సి5తో బదులిస్తే డి5లో ఒంటరి బంటు వస్తుంది. కాబట్టి ఫ్రెంచ్ ఆటగాడు కొత్త నేల తొక్కడానికి ఫ్రెంచ్‌ను వదిలేయాల్సిన పని కూడా లేదు. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన శాఖలోకి ధైర్యంగా దిగితే చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, కాలం చాలదన్నది. షాసి, గోబే 2011లో డెబ్బై ఆరు వేలకు పైగా గేమ్‌లను పరిశీలించి, మాస్టర్ స్థాయి ఆటగాడి బుర్రలో దాదాపు లక్ష ఓపెనింగ్ ఎత్తులు ఉంటాయని అంచనా వేశారు. ఈ అంకె వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. ఒక ఓపెనింగ్‌కే బతుకు చాలదు, ఇంకోటా అనిపిస్తుంది. కానీ ఆ లక్ష ఎత్తులు మాస్టర్ అయ్యేలోపు ఆడిన, చూసిన గేమ్‌ల నుంచి ఏళ్ల మీద చేరినవి. కూర్చుని బట్టీ పట్టినవి కావు. పైగా 1400 నుంచి 2000 వరకున్న స్థాయిలో ప్రత్యర్థి ఏడో ఎత్తుకో ఎనిమిదో ఎత్తుకో పుస్తకం దాటి వెళ్లిపోవడం మామూలే. ఇరవయ్యో ఎత్తు దాకా కంఠస్థం చేసిన వేరియేషన్ పెట్టెలోనే ఉండిపోతుంది. కాలం చాలదన్న అభ్యంతరం కొత్త ఓపెనింగ్‌కు వర్తించదు, దాన్ని నేర్చుకునే తప్పుడు పద్ధతికి వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో కోర్సు కొని, వెయ్యి ఎత్తులను కార్డుల్లో తిప్పుతూ కూర్చునేవాడికి నిజంగానే కాలం చాలదు. ఓపెనింగ్ ఇచ్చే అమరికలో బాగా ఆడిన పాతిక ముప్పై గేమ్‌లను మొదటి నుంచి చివరి దాకా, ఎండ్‌గేమ్‌తో సహా, నిదానంగా చూసేవాడికి ఒక సీజన్ సరిపోతుంది.

రెండో అభ్యంతరం రేటింగ్ గురించి. పిల్లల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించేది ఇదే: మార్చితే పాయింట్లు పోతాయి. పోతాయి, అందులో దాపరికం లేదు. ఎంత పోతాయో లెక్క వేసుకోవచ్చు. ఫిడే నిబంధనల ప్రకారం 2400 దాటని పెద్దవాళ్లకు గుణకం 20, పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు 40. ఇరవై గేమ్‌లలో రావాల్సినదాని కంటే రెండు పాయింట్లు తక్కువ వచ్చాయనుకుందాం. పెద్దవాళ్లకు 40 రేటింగ్ పాయింట్లు, పిల్లలకు 80 పోతాయి. పిల్లల విషయంలో ఆ 40 గుణకమే తిరిగి వచ్చేటప్పుడు రెట్టింపు వేగంతో తెచ్చిపెడుతుంది. తాత్కాలికంగా దిగడం చదువు సాగడం లేదనడానికి గుర్తు కానక్కర్లేదు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ లెక్కల మీద చేసిన ఒక ప్రయోగంలో, ఒకే రకం లెక్కలు వరసగా చేసిన విద్యార్థులు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా చేశారు, రకరకాల లెక్కలు కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం వస్తే రెండోవాళ్లకు 63 శాతం వచ్చింది. లెక్కలు వేరు, చెస్ వేరు. ఈ అంకెలను నేరుగా బోర్డు మీదికి ఎత్తుకురాకూడదు. కానీ సాధనలో సాఫీగా సాగడమే నేర్చుకోవడం కాదన్న హెచ్చరిక రెండు చోట్లా పనికొస్తుంది. ఈ అభ్యంతరంలో నిలిచే భాగం ఒకటే: రాష్ట్రస్థాయి సెలెక్షన్ టోర్నమెంట్ రెండు వారాల్లో ఉండగా ఓపెనింగ్ మార్చడం మొదటికే మోసం. మార్పుకు తీరిక నెలలు ఎంచుకోవాలి, ముందు ర్యాపిడ్ గేమ్‌లలో తడబడి, తర్వాత క్లాసికల్‌కు తేవాలి.

మూడో అభ్యంతరం లండన్ సిస్టమ్ లాంటి ఓపెనింగ్‌ల వైపు నుంచి వస్తుంది. డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3, రెండు నైట్‌లు, బిషప్ డి3: ప్రత్యర్థి ఏం ఆడినా దాదాపు ఇవే ఎత్తులు. ఓపెనింగ్ గొడవ లేకుండా ప్రాక్టీసంతా మిగతా ఆట మీద పెట్టుకోవచ్చు కదా అంటారు. లండన్ సిస్టమ్‌లో తప్పేమీ లేదు. 2023లో అస్తానాలో డింగ్ లిరెన్ నెపోమ్నియాష్చీపై ప్రపంచ టైటిల్ మ్యాచ్ ఆరో గేమ్‌ను దానితోనే గెలిచాడు. అయితే డింగ్ దాన్ని ఆడింది క్వీన్స్ గ్యాంబిట్, ఇంగ్లిష్, కాటలాన్ ఏళ్ల తరబడి ఆడిన చేత్తో. ఎప్పుడు పద్ధతి వదిలి సి4 నెట్టాలో, ఎప్పుడు ఇ4 తెరవాలో అతనికి ఆ ఓపెనింగ్‌లు నేర్పాయి. వాటిని ఎన్నడూ ఆడనివాడు లండన్‌లో ఎనిమిది ఎత్తులు గడియారం వైపు కూడా చూడకుండా ఆడేసి, తొమ్మిదో ఎత్తు దగ్గర మొదటిసారి ఆలోచిస్తాడు. 2008 ప్రయోగం చెప్పిన గంతలు కట్టుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కొత్తగా టోర్నమెంట్లకు వచ్చే పిల్లలకు లండన్ మంచి ఊతకర్ర. నడక వచ్చాక కూడా దాన్ని వదలకపోవడమే సమస్య.

నాలుగో అభ్యంతరం అన్నింటిలోకి గట్టిది. ఈ స్థాయిలో గేమ్‌లు ఓపెనింగ్‌లో తేలవు, తప్పిన నైట్‌లోనూ చూడని మేట్‌లోనూ చేజారిన ఎండ్‌గేమ్‌లోనూ తేలతాయి. కాబట్టి కొత్త ఓపెనింగ్‌కు పెట్టే ప్రతి గంటా వృథా అని. మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. పై స్థాయిలోనే దానికి సాక్ష్యాలున్నాయి. 2013లో చెన్నైలో కార్ల్‌సన్ ఆనంద్‌ను ఓడించిన అయిదో గేమ్‌లో ఓపెనింగ్ అతనికి చెప్పుకోదగ్గ లాభమేమీ ఇవ్వలేదు, పనంతా ఎండ్‌గేమ్ చేసింది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ విజేత అయిన పద్నాలుగో గేమ్ డ్రా దిశగా సాగుతుండగా, డింగ్ 55వ ఎత్తుగా రూక్‌ను ఎఫ్2కు తెచ్చాడు. రూక్‌లు, ఆ వెంటనే బిషప్‌లు మారిపోయి, ఓడిపోయే బంట్ల ఎండ్‌గేమ్ మిగిలింది. ప్రపంచ టైటిలే అలా తేలితే ఆదివారం టోర్నమెంట్ గురించి చెప్పాలా? కానీ రెండో సగం, కొత్త ఓపెనింగ్ వృథా అన్నది, మొదటిదాని నుంచి రాదు. టాక్టిక్స్ గాలిలో పుట్టవు. బిషప్‌ను హెచ్7లో బలిచ్చి నైట్‌ను జి5కు, క్వీన్‌ను హెచ్5కు తెచ్చే ప్రసిద్ధమైన దాడి ఉంది. తెల్ల బంటు ఇ5లో నిలబడి నల్ల నైట్‌ను ఎఫ్6 నుంచి తరిమేసిన అమరికల్లో అది ఎక్కువగా పండుతుంది. అలాంటి అమరిక ఎన్నడూ ఆడనివాడు ఆ దాడిని పజిల్ పుస్తకంలో వందసార్లు చేస్తాడు, సొంత గేమ్‌లో ఒక్కసారీ చేయడు. ఎండ్‌గేమ్‌లూ అంతే. కార్ల్స్‌బాద్ నుంచి ఒక రకం రూక్ ఎండ్‌గేమ్ వస్తుంది, ఒంటరి బంటు నుంచి మరో రకం వస్తుంది. ఓపెనింగ్‌ల పరిధి పెరిగితే టాక్టిక్స్, ఎండ్‌గేమ్‌ల పరిధి దానంతటదే పెరుగుతుంది. ఈ అభ్యంతరం నుంచి తీసుకోవాల్సింది ఒక హద్దు మాత్రమే: 1400 లోపు ఉన్నవాడికి కొత్త ఓపెనింగ్ అవసరం లేదు, రోజూ టాక్టిక్స్ చాలు. ఆ పైన కూడా ఓపెనింగ్‌ల వాటా మొత్తం సాధనలో నాలుగో వంతు దాటకూడదు.

ఈ వాదప్రతివాదాలన్నీ కలిపి చూస్తే ఆచరణకు ఒక వరుస తేలుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఇ4కు ఒకటి, డి4కు ఒకటి, ఈ మూడింటిలో కనీసం ఒక ఏడాది నిలవాలి. నిలిచినట్టు గుర్తేమిటంటే, ప్రత్యర్థి పుస్తకం దాటినప్పుడు ఎత్తు మరిచిపోయినా పథకం చెప్పగలగడం. ఏ పావు ఎక్కడికి వెళ్లాలి, ఏ బంటు ఎప్పుడు నెట్టాలి, ఎవరికి ఏ ఎండ్‌గేమ్ మంచిది అన్నవి నోటితో చెప్పగలిగితే ఆ ఇల్లు గెలిచినట్టే. అప్పుడు మూడింటిలో ఒక్కదానికి మాత్రమే కొత్త తోడు తేవాలి. మిగతా రెండూ కదలకుండా ఉంటే రేటింగ్‌కు రక్ష. ఆ కొత్తది, పైన చెప్పినట్టు, సగం తెలిసిన అమరిక ఇచ్చేదై ఉండాలి. తేవడానికి కారణాన్ని నిన్న ఓడిన గేమ్‌లో వెతకకూడదు. ఓడిన ప్రతిసారీ ఓపెనింగ్ మార్చేవాడిది కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత బాపతు వ్యవహారం. అతను మారుస్తున్నది ఆటను కాదు, సాకును. గేమ్‌ను తిరగేసి ఓటమి ఏ ఎత్తు దగ్గర మొదలైందో చూస్తే, పదింట తొమ్మిదిసార్లు ఆ ఎత్తు ఓపెనింగ్ దాటాకే కనిపిస్తుంది. కొత్తదానికి కనీసం ముప్పై సీరియస్ గేమ్‌ల గడువు ఇవ్వాలి. ఆ లోపు గెలుపోటముల లెక్కతో తీర్పు చెప్పకూడదు. పాతదాన్ని పారేయకూడదు. కొన్నాళ్లకు దానికి తిరిగి వచ్చేసరికి అందులోనే ఇంతకు ముందు కనిపించని పథకాలు కనిపిస్తాయి. విస్తరణ ఫలించిందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

అందువల్ల ఎదుగుతున్న ఆటగాడు కొత్త ఓపెనింగ్‌లలోకి వెళ్లాలా అన్న ప్రశ్నకు నా తీర్పు: వెళ్లాలి, ఒక్కొక్కటిగా, పొరుగు నుంచి మొదలుపెట్టి, గట్టి ఇల్లు ఒకటి ఉన్నాకే. ఒకే ఓపెనింగ్‌లో నిపుణుడైనవాడికి ఈ ఏడాది నాలుగు గేమ్‌లు ఎక్కువ దక్కుతాయి. రకరకాల అమరికలు ఆడినవాడికి వచ్చే పదేళ్ల ఆట దక్కుతుంది. అకాడమీలు నడిపే కోచ్‌లకు ఒక విన్నపం. బ్యాచ్‌లో పాతికమంది పిల్లలుంటే పాతికమందికీ ఒకే లండన్ సిస్టమ్ నేర్పి టోర్నమెంట్లకు పంపడం వల్ల ఈ సీజన్‌లో కప్పులు రావచ్చు. ఏడాదికి ఒక్క కొత్త అమరికైనా ఆ పిల్లల చేత ఆడించండి, ఆ సీజన్‌లో పోయే పాయింట్ల గురించి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించండి.